గడువు పెట్టి ఇచ్చిన పన్ను: ఇంగ్లండ్ రాజులు పార్లమెంటుకు లొంగిన తీరు

1649 జనవరి 30న లండన్‌లో, వైట్‌హాల్ రాజప్రాసాదంలోని బాంక్వెటింగ్ హౌస్ ముందు కట్టిన వేదికపై ఒకటో చార్లెస్ తల తెగిపడింది. చలికి వణికితే జనం భయమనుకుంటారని ఆ ఉదయం ఆయన రెండు చొక్కాలు తొడుక్కున్నాడు. రాజుకూ పార్లమెంటుకూ మధ్య పోరు అనగానే అందరికీ గుర్తొచ్చేది ఈ ఘట్టమే. అయితే ఆ గొడ్డలివేటుతో తేలింది తక్కువ. పదకొండేళ్లు తిరిగేసరికి చనిపోయిన రాజు కొడుకు అదే వైట్‌హాల్‌కు ఊరేగింపుగా వచ్చి సింహాసనం ఎక్కాడు. ఆయన తర్వాత తమ్ముడు వచ్చి, తండ్రి చేసిన పనులే మరింత ధీమాగా చేయబోయాడు. అసలు తగువు తీరింది 1690 ప్రాంతంలో, పార్లమెంటు దిగువసభ అయిన కామన్స్ సభలో జరిగిన పొడిపొడి లెక్కల చర్చల్లో. రాజుకు డబ్బు ఇవ్వాలా వద్దా అన్నదానికంటే, ఇచ్చే డబ్బు ఎంతకాలానికి ఇవ్వాలన్న ప్రశ్న దగ్గరే అధికారం చేతులు మారింది.

మధ్యయుగాల ఇంగ్లండ్‌లో రాజు మామూలు రోజుల్లో తన సొంత భూముల రాబడితో, సుంకాలతో, కోర్టు రుసుములతో నెట్టుకురావాలన్నది ఆనవాయితీ. యుద్ధం వస్తే అవి ఏ మూలకూ చాలవు. అప్పుడు దేశాన్ని అడగాలి. రాజ్యంలోని పెద్దల సమ్మతి లేనిదే ప్రత్యేక పన్నులు వేయరాదని 1215 నాటి మాగ్నా కార్టా ఒప్పందంలోనే ఒక షరతు ఉంది. 1295లో ఒకటో ఎడ్వర్డ్ ప్రభువులతో పాటు కౌంటీల (జిల్లాల వంటి ప్రాంతాల) నైట్లను, పట్టణాల ప్రతినిధులను కూడా పిలిపించాడు. ఆ పిలుపు వెనుక ప్రజాస్వామ్యం మీద మమకారం ఏమీ లేదు, యుద్ధాలకు డబ్బు కావాలి. పార్లమెంటు అప్పటికి స్థిరమైన సంస్థ కూడా కాదు. రాజు రమ్మంటే వస్తుంది, పొమ్మంటే పోతుంది. 44 ఏళ్లు ఏలిన ఒకటో ఎలిజబెత్ పిలిచినవి మొత్తం పది పార్లమెంట్లే. పిలవని ఏళ్లలో దానికి ఉనికే లేదు.

పదహారో శతాబ్దంలో ధరలు పెరుగుతూ పోయాయి. రాచభూముల కౌళ్లు మాత్రం పాత లెక్కల దగ్గరే ఆగిపోయాయి. యుద్ధాల కోసం భూములనే తెగనమ్మడంతో ఆ కౌళ్లూ తరిగాయి. రాజరికం దేవుడిచ్చిన హక్కు అని ఎలిజబెత్ తర్వాత వచ్చిన స్టూవర్ట్ వంశపు రాజులు ఎంత గట్టిగా చెప్పుకున్నా, వాళ్ల ఖజానా మాత్రం అంత గట్టిగా లేదు.

1625లో ఒకటో చార్లెస్ గద్దెనెక్కాడు. ఎగుమతి దిగుమతుల మీద వేసే సుంకాలను కొత్త రాజుకు మొదటి పార్లమెంటులోనే జీవితాంతం రాసివ్వడం పదిహేనో శతాబ్దం నుంచి వస్తున్న అలవాటు. ఈసారి కామన్స్ సభ ఒక్క ఏడాదికే ఇస్తామంది. ప్రభువుల సభలో ఆ బిల్లు అలాగే ఆగిపోయింది. ఒక్క ఏడాది అన్న మాట వెనుక ఎవరూ గొప్ప సిద్ధాంతం పెట్టుకోలేదు. చార్లెస్ తండ్రి జేమ్స్ తనంతట తానే పెంచిన సుంకాల సంగతి తేల్చుకోవడానికి కొంత వ్యవధి కావాలని మాత్రమే చాలామంది అనుకున్నారు. చార్లెస్‌కు మాత్రం అది అవమానంగా తోచింది. చట్టం లేకుండానే సుంకాలు వసూలు చేయించాడు. అది చాలక ధనవంతుల నుంచి బలవంతపు అప్పులు గుంజాడు. కాదన్నవారిని కారణం చూపకుండా జైల్లో పెట్టించాడు. 1628లో పార్లమెంటు హక్కుల వినతిపత్రం ముందుంచి, పార్లమెంటు ఒప్పుకోని పన్ను వేయనని, కారణం చెప్పకుండా ఖైదు చేయనని ఆయన చేత ఒప్పించుకుంది. సుంకాలు ఈ మాట కిందకు రావని ఆ మరుక్షణం నుంచే రాజు వాదించడం మొదలుపెట్టాడు.

1629 మార్చి 2న సభ వాయిదా పడాలని రాజు ఆజ్ఞ వచ్చింది. స్పీకర్ జాన్ ఫించ్ లేవబోయాడు. డెంజిల్ హోల్స్, బెంజమిన్ వాలంటైన్ అనే ఇద్దరు సభ్యులు ఆయనను పట్టుకుని కుర్చీలోనే కూలేశారు. స్పీకర్ కన్నీళ్లు పెట్టుకున్నాడు. బయట రాజు దూత తలుపు బాదుతున్నాడు. లోపల తలుపులు బిగించి, అనుమతి లేని సుంకాలు వసూలు చేయమన్నవాళ్లూ, వాటిని కట్టినవాళ్లూ కూడా దేశద్రోహులేనని సభ కేకలతో తీర్మానించింది. ఆ తర్వాత పదకొండేళ్ల పాటు ఇంగ్లండ్‌లో పార్లమెంటు లేదు. తీర్మానాల వెనుక ఉన్న జాన్ ఇలియట్ 1632లో లండన్ టవర్ చెరలోనే చనిపోయాడు.

ఆ పదకొండేళ్లూ రాజు డబ్బుకు వెతికిన దారులు చూస్తే, పాత పద్దుల దుమ్ము దులిపే గుమాస్తాలు ఆయన దగ్గర ఎంత చురుకైనవారో తెలుస్తుంది. ఆస్తి ఉండీ నైట్ బిరుదు పుచ్చుకోనందుకు జరిమానా. ఎప్పుడో అడవిగా ఉండిన నేలలో సాగు చేస్తున్నందుకు జరిమానా. సబ్బు తయారీకి గుత్తాధిపత్యం. వీటన్నిటినీ మించింది నౌకా పన్ను. శత్రుభయం ఉన్నప్పుడు తీరప్రాంత పట్టణాలు రాజుకు ఓడలు గానీ వాటి ఖరీదు గానీ ఇవ్వాలన్నది పాత పద్ధతి. 1634లో తీరం మీద వేసిన ఈ పన్నును మరుసటి ఏడాది సముద్రం మొహం చూడని లోపలి కౌంటీలకూ పాకించారు. బకింగ్‌హామ్‌షైర్ భూస్వామి జాన్ హాంప్‌డెన్ తనకు వేసిన 20 షిల్లింగుల పద్దు కట్టనని కోర్టుకెక్కాడు. ఆయన ఆస్తికి 20 షిల్లింగులు లెక్కలోకి రావు. ఈ ఏడాది కడితే వచ్చే ఏడాది కూడా కట్టాలి, ఆ పైన ఇక పార్లమెంటును పిలవాల్సిన పనే రాజుకు ఉండదు. ఆయన పట్టుబట్టింది అందుకే. 1638లో పన్నెండు మంది న్యాయమూర్తుల్లో ఏడుగురు రాజు పక్షాన, ఐదుగురు హాంప్‌డెన్ పక్షాన నిలిచారు. కేసు గెలిచింది రాజే. కానీ రాజు నియమించిన న్యాయమూర్తులే ఐదుగురు కాదన్నారన్న కబురు దేశమంతా పాకింది. ఆ తర్వాత వసూళ్లు పడిపోయాయి.

అయినా శాంతి ఉన్నంతకాలం ఈ బండి నడిచింది. యుద్ధం రాకుంటే ఇంకెన్నాళ్లు నడిచేదో. తన ఏలుబడిలోనే ఉన్న స్కాట్లండ్ చర్చి మీద ఇంగ్లండ్ తరహా ప్రార్థనా గ్రంథాన్ని రుద్దబోయి చార్లెస్ కొరివితో తల గోక్కున్నాడు. స్కాట్లు తిరగబడ్డారు. 1640 ఏప్రిల్‌లో పార్లమెంటును పిలిచి, డబ్బు కంటే ముందు తమ ఫిర్యాదులు వినాలని సభ్యులు అనడంతో మూడు వారాలకే ఇంటికి పంపించేశాడు.

ఆ వేసవిలో ఖజానా పరిస్థితి ఎంత దిగజారిందో రెండు పనులు చెబుతాయి. జులైలో రాజు లండన్ టవర్ టంకశాలలో వర్తకులు భద్రంగా దాచుకున్న వెండి బంగారాల మీద చేయి వేశాడు. నగరం గగ్గోలు పెట్టడంతో 40 వేల పౌండ్ల అప్పు పుచ్చుకుని వదిలిపెట్టాడు. తర్వాత ఈస్టిండియా కంపెనీ గిడ్డంగిలోని మిరియాలపై చూపు పడింది. ఆ సరుకును సుమారు 63 వేల పౌండ్లకు అప్పుగా కొని, నగదు కోసం అప్పటికప్పుడు సుమారు 50 వేలకు అమ్మేశాడు. చేతిలో రొక్కం కోసం 13 వేల నష్టానికి ఒప్పుకున్న రాజు ఆయన. బాకీ రాబట్టుకోవడానికి కంపెనీ ఏళ్ల తరబడి తిరగాల్సి వచ్చింది. మచిలీపట్నంలో 1611 నుంచి కొఠీ నడుపుతున్న కంపెనీ అదే. మిరియాల బేరం జరిగిన ఏడాదే దామెర్ల నాయకుల దగ్గర సంపాదించిన కౌలుతో చెన్నపట్నంలో కోట కట్టడం మొదలుపెట్టింది. ఇక్కడ రాజుల దగ్గర అనుమతులు పుచ్చుకుంటున్నవారికి తమ సొంత రాజు నుంచే సరుకు కాపాడుకోవడం కష్టమైంది.

స్కాట్లు న్యూకాసిల్ ఆక్రమించారు. లండన్ పొయ్యిల్లోకి బొగ్గు వెళ్లేది అక్కడినుంచే. తుది ఒప్పందం కుదిరేదాకా వాళ్ల సైన్యానికి రోజుకు 850 పౌండ్లు ఇవ్వాలని తేలింది. ఇక పార్లమెంటును పిలవక తప్పలేదు. 1640 నవంబర్ 3న కొలువైన ఆ సభకు రాజు పిలక దొరికింది. స్కాట్ల సైన్యం కదలనంతకాలం దానికి డబ్బు కావాలి, డబ్బు కావాలంటే పార్లమెంటు ఉండాలి. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అన్నట్టుంది రాజు వ్యవహారం. అడిగినవన్నీ ఒప్పుకుంటూ పోయాడు. మూడేళ్లకోసారైనా పార్లమెంటు కొలువుతీరాలన్న చట్టం, పార్లమెంటు సమ్మతి లేకుండా రాజు దాన్ని రద్దు చేయరాదన్న చట్టం వచ్చాయి. నౌకా పన్ను చెల్లదన్నారు. రాజు తన ప్రత్యర్థులను శిక్షించడానికి వాడుకున్న స్టార్ చాంబర్ కోర్టును ఎత్తేశారు. రాజు కుడిభుజం స్ట్రాఫర్డ్ తల 1641 మేలో తెగింది. వీటి పక్కన చరిత్ర పుస్తకాలు అంతగా పట్టించుకోని చిన్న చట్టం ఒకటుంది. 1625 నుంచి వివాదంలో ఉన్న సుంకాలను పార్లమెంటు ఎట్టకేలకు మంజూరు చేసింది, కానీ కొద్ది వారాలకే. గడువు తీరగానే మళ్లీ కొద్ది వారాలకు. ఇలా 1642 దాకా పొడిగిస్తూ వచ్చారు. యాభై ఏళ్ల తర్వాత పనికొచ్చిన ఆయుధం ఇదే. అప్పట్లో మాత్రం దాన్ని ఎవరూ శాశ్వత ఏర్పాటుగా చూడలేదు.

1642 జనవరి 4 నాటి ఘట్టం మాత్రం అందరికీ తెలిసిందే. నాలుగు వందల మంది సాయుధులను వెంటబెట్టుకుని చార్లెస్ స్వయంగా కామన్స్ సభలోకి నడిచి వచ్చాడు. పిమ్, హాంప్‌డెన్, హోల్స్, హేసిల్‌రిగ్, స్ట్రోడ్ అనే, తనను ఎదిరిస్తున్న ఐదుగురు సభ్యులను పట్టుకోవాలని వచ్చాడు. కబురు ముందే అంది వాళ్లు నదిమీదుగా జారుకున్నారు. రాజు స్పీకర్ కుర్చీ దగ్గరికి వెళ్లి, వాళ్లెక్కడని స్పీకర్ విలియం లెంథాల్‌ను అడిగాడు. లెంథాల్ మోకరిల్లి, సభ ఆదేశిస్తే తప్ప ఇక్కడ చూడటానికి నాకు కళ్లు లేవు, చెప్పడానికి నాలుక లేదు అన్నాడు. పదమూడేళ్ల కింద రాజాజ్ఞ పాటించబోయి ఏడ్చిన స్పీకర్‌కూ, ఇప్పుడు రాజు మొహం మీదే తాను సభ సేవకుడినని చెప్పిన స్పీకర్‌కూ మధ్య దూరం చాలా ఉంది. లెంథాల్ పెద్ద సాహసి కాడు. అటువంటివాడు కూడా ఆ మాట అనగలిగాడంటే సభ మీద సభకే నమ్మకం కుదిరిందన్నమాట.

ఆ ఆగస్టులోనే అంతర్యుద్ధం మొదలైంది. దాని పోరాటాల కథ వేరే. మన లెక్కలో ముఖ్యమైంది ఒక్కటే: పార్లమెంటు గెలిచిందీ డబ్బుతోనే. లండన్ నగరం, ఓడరేవులు, ధనిక ఆగ్నేయ కౌంటీలు దాని చేతిలో ఉన్నాయి. 1643లో అది ఎక్సైజు సుంకం పెట్టింది. బీరుతో మొదలైన సుంకం తర్వాత ఉప్పు, మాంసాల దాకా పోయింది. భూముల మీద నెలనెలా పన్ను వేసింది. నౌకా పన్ను అన్యాయమని కత్తి పట్టినవారే దానికి ఎన్నో రెట్ల భారం మోపారు. గెలిచాక ఆ సైన్యం జీతాల బాకీ తీర్చలేక పార్లమెంటే సైన్యం చేతికి చిక్కింది. 1648 డిసెంబర్‌లో కల్నల్ ప్రైడ్ సభ గుమ్మంలో నిలబడి తనకు నచ్చని సభ్యులను బయటే ఆపేశాడు. మిగిలిన కొద్దిమందే రాజు మీద విచారణ నడిపారు. 1653లో ఆ సైన్యపు నాయకుడు క్రామ్‌వెల్ ఆ కొద్దిమందినీ సైనికులతో బయటికి గెంటించాడు. రాజు ఐదుగురిని పట్టుకోలేకపోయిన సభను అలా ఒక సేనాని పూర్తిగా ఖాళీ చేయించాడు. రాజు లేనంత మాత్రాన పార్లమెంటుకు అధికారం వచ్చినట్టు కాదని ఆ పదకొండేళ్లలో అందరికీ అర్థమైంది.

1660లో రెండో చార్లెస్ తిరిగొచ్చినప్పుడు పార్లమెంటు ఏడాదికి 12 లక్షల పౌండ్లు వస్తాయని లెక్కేసి, ఆ రాబడి మార్గాలను జీవితాంతం ఇచ్చేసింది. లెక్క తప్పి వసూళ్లు అంత రాలేదు కాబట్టి రాజు అవసరపడ్డాడు. అవసరపడి పార్లమెంటు దగ్గరికే వచ్చాడా అంటే, ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీతో 1670లో రహస్య ఒప్పందం చేసుకుని అక్కడ డబ్బు తీసుకున్నాడు. 1672లో తనకు అప్పిచ్చిన లండన్ షరాబులకు చెల్లింపులు ఆపేశాడు. చివరి నాలుగేళ్లలో వ్యాపారం పెరిగి సుంకాలు బాగా రావడంతో పార్లమెంటును పిలవనే లేదు. 1685లో తమ్ముడు రెండో జేమ్స్‌కు కూడా అదే పొరపాటు, ఇంకా ఉదారంగా చేశారు. ఏడాదికి దాదాపు 20 లక్షల పౌండ్ల రాబడి చేతికొచ్చింది. ఆయన సైన్యాన్ని రెండింతలు చేశాడు. కాథలిక్కులకు సైన్యంలో పదవులు ఇవ్వడం మీద సభ గొణగడంతో నవంబర్‌లో దాన్ని వాయిదా వేసి, మరి పిలవలేదు. ఇందులో ఆయన ఏ పన్ను చట్టాన్నీ అతిక్రమించలేదు. పార్లమెంటు తన చేతులతో రాసిచ్చినదే వాడుకున్నాడు.

జేమ్స్‌ను దించింది మతం. 1688 జూన్‌లో ఆయనకు కొడుకు పుట్టడంతో కాథలిక్ రాజవంశం స్థిరపడుతుందన్న భయం ప్రభువులను పట్టుకుంది. వాళ్ల పిలుపుతో జేమ్స్ అల్లుడు, డచ్ పాలకుడు విలియం నవంబర్ 5న సైన్యంతో ఇంగ్లండ్ తీరంలోని టోర్బేలో దిగాడు. మామ పారిపోతూ రాజముద్రను థేమ్స్ నదిలో పారేశాడు. సింహాసనం విలియంకు దక్కింది. 1689లో వచ్చిన హక్కుల చట్టం పార్లమెంటు అనుమతి లేని పన్నును, శాంతికాలంలో దాని సమ్మతి లేని సైన్యాన్ని నిషేధించింది, సభలో మాట్లాడిన మాటకు బయట ఏ కోర్టూ సంజాయిషీ అడగరాదంది. గొప్ప పత్రమే. కానీ 1628లోనూ ఇటువంటి పత్రం మీద రాజు తల ఊపాడు. ఈసారి తేడా ఏమిటంటే, కాగితం పక్కన తాళం కూడా పెట్టారు.

రాజుకు డబ్బు అవసరం లేనప్పుడు మన అవసరమూ ఉండదన్న మాట 1690 నాటి చర్చల్లో సూటిగానే వినబడింది. ఎక్సైజులో కొంత భాగం జీవితాంతం ఇచ్చినా, సుంకాలను నాలుగేళ్లకే ఇచ్చారు. జేమ్స్‌ను జీవితాంతం నమ్మినవాళ్లు, కాపాడవచ్చిన తనను నమ్మరా అని విలియం నొచ్చుకున్నాడు. నొప్పి న్యాయమైనదే. సభ్యులు మనిషిని చూసి ఆ నిర్ణయం తీసుకోలేదు, రెండుసార్లు చేతులు కాల్చుకున్న అనుభవంతో తీసుకున్నారు. సైన్యానికీ ఇదే సూత్రం. సైనికుల క్రమశిక్షణకు కోర్టులు పెట్టే అధికారం ఇచ్చిన చట్టం 1689 ఏప్రిల్‌లో వచ్చింది, నవంబర్ దాకానే అమల్లో ఉండేలా. ఆ తర్వాత దాన్ని ఏటా పొడిగించడం ఆనవాయితీ అయింది. ఆ పైన ఫ్రాన్స్‌తో తొమ్మిదేళ్ల యుద్ధం. ఖర్చు ఏడాదికి సగటున 50 లక్షల పౌండ్లు దాటింది. జేమ్స్ రాబడికి ఇది రెండున్నర రెట్లు. ఏటా అడగాలి, ఏటా సభ కూర్చోవాలి. 1689 నుంచి నేటిదాకా పార్లమెంటు కొలువుతీరని ఏడాది లేదు. దీన్ని ఏ చట్టంలోనూ ఆ మాటల్లో రాయలేదు, గడువులే ఆ పని చేసిపెట్టాయి.

దీనివల్ల రాజ్యం బలహీనపడిందనుకుంటే పొరపాటు. 1694లో పుట్టిన బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ప్రభుత్వానికి 8 శాతం వడ్డీకి 12 లక్షల పౌండ్లు అప్పిచ్చింది. చందాలు రెండు వారాల్లోపే నిండాయి. 1672లో రాజు ఎగ్గొట్టిన బాకీలు చూసిన ఊరే ఇది. తీర్చే పూచీ రాజు మాట మీద కాక పార్లమెంటు వేసే పన్ను మీద ఉండటంతో డబ్బున్నవారి చేతులు తెరుచుకున్నాయి.

ఈ ఇంగ్లండ్ కథ మిగతా యూరప్‌కు నకలు కాలేదు. ఫ్రాన్స్‌లో 1439 తర్వాత ప్రతినిధుల సమ్మతి ఏటా అడగకుండానే ప్రధాన భూమి పన్ను వసూలు చేసే అలవాటు పాతుకుంది. 1614 తర్వాత అక్కడి ప్రతినిధుల సభను రాజులు పిలవనేలేదు. 175 ఏళ్లకు, రాబడిలో దాదాపు సగం వడ్డీలకే పోతున్న దశలో, 1789లో పిలిచారు. అప్పటికి బేరమాడే అలవాటు ఇరుపక్షాలకూ లేదు. పోలండ్‌లో దీనికి తలకిందులు. ఒక్క సభ్యుడు కాదంటే సభ చేసిందంతా రద్దయ్యే పద్ధతి 1652లో మొదలైంది. రాజుకు డబ్బు ఇవ్వని సభ రాజునైతే అదుపు చేసింది, కానీ 1772 నుంచి 1795 మధ్య పొరుగు రాజ్యాలు దేశాన్నే పంచుకున్నాయి.

అన్నిటికంటే ఆలోచింపజేసేది జర్మన్ రాజ్యమైన ప్రష్యా. 1862లో సైన్యం ఖర్చుకు అక్కడి దిగువసభ డబ్బు ఇవ్వనంది. అది చార్లెస్ కాలపు తగవే. రాజు బిస్మార్క్‌ను ప్రధానిగా తెచ్చాడు. ఆయన నాలుగేళ్లు బడ్జెట్ ఆమోదం లేకుండానే ప్రభుత్వం నడిపాడు. ఎలా? కొత్త చట్టం మార్చేదాకా ఉన్న పన్నుల వసూలు కొనసాగుతుందని 1850 నాటి ప్రష్యా రాజ్యాంగం 109వ అధికరణంలో రాసి ఉంది. అంటే ఖర్చుకు సభ అనుమతి కావాలి, రాబడికి అక్కర్లేదు. డబ్బు వచ్చిపడుతుంటే ఖర్చుపెట్టే చేతిని పట్టుకునేదెవరు? 1866లో ఆస్ట్రియా మీద గెలిచాక, అంతకాలం జరిగినదానికి అదే సభ 230–75 ఓట్లతో ఆమోదముద్ర వేసింది. అక్కడి ఉదారవాదులకు ధైర్యం తక్కువని తరచూ అంటారు. హాంప్‌డెన్ వారసులకు ఉన్న గడువు అనే ఆయుధం వాళ్లకు లేదన్నది అంతగా అనరు.

ఇంగ్లండ్‌లో రాజు ఓడి ఊరుకోలేదు కూడా. బయటినుంచి గెలవలేని సభను లోపలినుంచి కొనే విద్య పద్దెనిమిదో శతాబ్దంలో బాగా పండింది. పదవులు, పింఛన్లు, కాంట్రాక్టులు సభ్యులకు పంచిపెట్టి ఓట్లు కూడగట్టేవారు. రాచరికపు పలుకుబడి పెరిగింది, పెరుగుతోంది, దాన్ని తగ్గించాలి అన్న తీర్మానం 1780లో కామన్స్ సభలో 233–215 ఓట్లతో నెగ్గింది. ఆ పలుకుబడి కాలక్రమంలో రాజు చేతినుంచి జారి మంత్రివర్గానికి చేరింది. సభలో మెజారిటీ ఉన్న పార్టీయే ప్రభుత్వం. అడిగేవారూ ఇచ్చేవారూ ఒకే వరసలో కూర్చుంటారు.

భారత రాజ్యాంగం ఈ పద్ధతిని దాదాపు యథాతథంగా తీసుకుంది. చట్టం అనుమతి లేనిదే పన్ను లేదని 265వ అధికరణం చెబుతుంది. సభలో మాటకు రక్షణ ఇచ్చే 105వ అధికరణం, శాసనసభలకు 194వ అధికరణం 1689 చట్టానికి దగ్గరి బంధువులు. ఆదాయపు పన్ను రేట్లను ఫైనాన్స్ చట్టం ద్వారా ఏటా నిర్ణయించడం, శాఖల ఖర్చులకు ఏటా సభ అనుమతి అడగడం ఆ గడువు సూత్రమే. అయితే 2018 మార్చి 14న లోక్‌సభ అన్ని శాఖల పద్దులనూ, ఫైనాన్స్ బిల్లునూ చర్చ లేకుండానే అరగంట వ్యవధిలో ఆమోదించింది. 2023 మార్చిలోనూ గొడవ మధ్య పద్దులు చర్చ లేకుండానే గట్టెక్కాయి. 1640లో చార్లెస్ పిలిచిన సభ ముందు ఫిర్యాదులు, తర్వాతే డబ్బు అని పట్టుబట్టింది. ఇక్కడ డబ్బు ముందే వెళ్లిపోయింది, ఫిర్యాదులు తర్వాతి సమావేశాలకు వాయిదా పడ్డాయి.